పేస్‌మేకర్ పెట్టిన చోట చీము, వైర్లు కూడా తీయాలంటున్నారు. హైదరాబాద్‌లో ఎవరైనా చేయించారా?

తార్నాక_శ్రీలత
మా మామయ్యగారికి 74 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని 2013లో రెండు వైర్ల పేస్‌మేకర్ పెట్టారు. పోయిన ఏడాది బ్యాటరీ అయిపోతే బాక్స్ మార్చారు. కొన్ని నెలలు బాగానే ఉన్నారు. తర్వాత కుట్ల దగ్గర చర్మం ఎర్రబడి, పల్చబడి, చిన్న రంధ్రం పడింది. అందులోంచి నీళ్లలాంటి చీము వస్తోంది. జ్వరం లేదు, ఆకలి మామూలే, పొద్దున్నే వాకింగ్‌కి కూడా వెళ్తున్నారు.

బ్యాటరీ మార్చిన చోటికే తీసుకెళ్తే తెరిచి, కడిగి, మళ్లీ కుట్టారు. యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మానినట్టే మాని అదే చోట మళ్లీ తెరుచుకుంది. ఇంకోసారి కడుగుదాం అంటున్నారు. అనుమానం వచ్చి వేరే ఈపీ డాక్టర్‌కి (గుండె లయ సమస్యలు చూసే డాక్టర్) చూపించాం. ఆయన బాక్సూ, రెండు వైర్లూ మొత్తం బయటికి రావాల్సిందేనని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది విన్నప్పటి నుంచి అత్తయ్యకి నిద్ర లేదు. ఇన్నేళ్లుగా గుండెలో ఉన్న వైరు లాగితే గుండె చిరిగిపోదా అని అడుగుతోంది. మా ఆయన మాత్రం కడిగించడమే సేఫ్ అంటున్నారు. హైదరాబాద్‌లో ఎవరైనా ఇది చేయించి ఉంటే చెప్పండి, ప్లీజ్.

బాలానగర్_రాజన్న
అక్కా, తొందరపడకండి. మా బాపుకి ఒక వైరు పాడైతే దాన్ని కదిలించలేదు. చివర మూత పెట్టి లోపలే వదిలేసి, పక్కనుంచి కొత్త వైరు వేశారు. ఏళ్లు గడిచాయి, పొలం పని చేసుకుంటున్నాడు. మీ మామయ్యకీ అటువైపు కొత్తది పెట్టి, ఇటువైపు బాక్స్ మాత్రం తీసేస్తే సరిపోతుంది కదా. పాత వైర్లు లాగడం ఎందుకు? ఈ మధ్య ప్రతిదానికీ పెద్ద ఆపరేషన్ చెప్పడం అలవాటైపోయింది.

మియాపూర్_మధు
ముందు ఆ చీము సిరంజితో లాగి కల్చర్‌కి పంపమనండి. ఏ బ్యాక్టీరియానో తెలిస్తే సరైన యాంటీబయాటిక్ వేయొచ్చు. ఆపరేషన్ సంగతి తర్వాత.

సోమాజిగూడ_ఫిజీషియన్
మధు గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. పేస్‌మేకర్ ఉన్న గడ్డలోకి సూది గుచ్చకూడదు. లోపల ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఆ సూదే దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. కల్చర్ కావాలంటే రక్తంతో చేస్తారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, వేర్వేరు చోట్ల గుచ్చి కనీసం రెండు శాంపిల్స్ తీయాలి. మందులు మొదలయ్యాక తీస్తే రిపోర్ట్‌లో ఏమీ కనబడకపోవచ్చు, అంతా బాగుందని మనం మోసపోతాం.

శ్రీలత గారూ, మీ ఈపీ డాక్టర్ చెప్పిందే సరైనది. చర్మం తెరుచుకుని బాక్స్ దాకా దారి పడిందంటే, జ్వరం ఉన్నా లేకపోయినా దాన్ని ఇన్‌ఫెక్షన్ కిందే లెక్కేస్తాం. చర్మం మీద మామూలుగా ఉండే స్టాఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియానే చాలాసార్లు దీనికి కారణం. అది ప్లాస్టిక్, లోహం మీద జిగురు పొరలా పేరుకుంటుంది. ఆ పొరలోకి రక్తం వెళ్లదు కాబట్టి మందు కూడా సరిగా చేరదు. అందుకే ఎంత కడిగినా కొన్ని వారాలు మానినట్టుండి మళ్లీ మొదలవుతుంది. పైగా వైరు ఒక చివర ఆ చీములో ఉంటే రెండో చివర గుండె లోపల ఉంది. ఇన్‌ఫెక్షన్ ఆ వైరు పట్టుకుని లోపలికి పాకితే కవాటం మీద పేరుకుంటుంది. అప్పుడు అది ప్రాణం మీదకొస్తుంది.

పాకెట్‌లో, అంటే చర్మం కింద బాక్స్ పెట్టిన చోట, ఇన్‌ఫెక్షన్ ఉంటే బాక్సూ వైర్లూ అన్నీ తీయాలన్నది మొదటి శ్రేణి సూచన, అంటే తప్పక చేయాల్సింది. అమెరికా హార్ట్ రిథమ్ సొసైటీ 2017 పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. ఆలస్యం అయ్యేకొద్దీ ఫలితాలు చెడతాయని కూడా తేలింది. రాజన్న గారి బాపుకి వైరు పాడైంది, ఇన్‌ఫెక్షన్ రాలేదు. రెండూ ఒకటి కావు.

బాలానగర్_రాజన్న
సరే డాక్టర్ గారూ, తేడా అర్థమైంది. కానీ తీసేటప్పుడే మనిషి పోతే? ఆ లెక్క కూడా చెప్పండి. ఒక వైపు రిస్కే చెబితే ఎలా?

సోమాజిగూడ_ఫిజీషియన్
చెబుతాను. యూరప్‌లో ఎలక్ట్రా అని పెద్ద రిజిస్ట్రీ ఉంది. 3,500 మందికి పైగా పేషెంట్ల వివరాలు, 2017లో వచ్చాయి. ఆసుపత్రిలో ఉండగా ఆ ప్రొసీజర్ వల్ల పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లు 1.7 శాతం, చనిపోయినవాళ్లు 0.5 శాతం. అంటే 200 మందిలో ఒకరు. ఇది చిన్న విషయమని నేను అనను. కానీ అందులోనూ ఈ పని తరచూ చేసే సెంటర్లలోనే ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. ఎప్పుడో ఒకటి చేసే చోట ఇదే ఫలితం వస్తుందనుకోవద్దు.

మియాపూర్_మధు
సూది విషయం తెలియదు, థాంక్స్ సార్. నాకో సందేహం. వైరు సన్నగా నున్నగా ఉంటుంది కదా, పెట్టినట్టే మెల్లగా వెనక్కి లాగితే రాదా?

క్యాత్‌ల్యాబ్_కిరణ్
ఈ ప్రశ్న మా దగ్గరికి పేషెంట్‌తో వచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. నేను టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. టేబుల్ పక్కన చూసింది చెబుతున్నా.

కొత్తగా పెట్టిన వైరైతే నిజంగానే వచ్చేస్తుంది. కొన్నిటికి చివర చిన్న స్క్రూ ఉంటుంది, అది వెనక్కి తిప్పి లాగితే చాలు. ఏడాది దాటాక కథ మారుతుంది. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ గట్టి పొర అల్లుకుంటుంది. చేను గట్టున వేపచెట్టుకి కట్టిన కంచె తీగ, చెట్టు లావయ్యేకొద్దీ బెరడులోకి దిగిపోతుంది చూశారా, అలా. ఎక్కువగా అంటుకునేది భుజం దగ్గర సిరలోకి దిగే చోట, పై పెద్ద సిర అంటే ఎస్‌వీసీలో, వైరు చివర గుండె కండలో. ఏళ్లు గడిచాక ఆ పొరలో సున్నం చేరి ఎముకలా బిగుస్తుంది. రెండు వైర్లుంటే ఒకదానికొకటి కూడా అతుక్కుంటాయి.

బలంగా లాగితే రెండు ప్రమాదాలు. వైరు తెగి ముక్క లోపల ఉండిపోవచ్చు. లేదా గుండె గోడే దాంతో పాటు లోపలికి ముడుచుకొచ్చి చిరగొచ్చు. శ్రీలత గారి అత్తయ్యగారు అడిగింది అమాయకపు ప్రశ్నేం కాదు.

అందుకే చేసే పద్ధతి వేరు. బాక్స్ విప్పి, వైరు పైచివర కత్తిరిస్తారు. వైరు మధ్యలో సన్నటి గొట్టంలా ఖాళీ ఉంటుంది. అందులోకి లాకింగ్ స్టైలెట్ అనే తీగ చివరిదాకా పంపి లోపల బిగిస్తారు. ఇప్పుడు లాగితే బలం చివరిదాకా సమానంగా అందుతుంది, వైరు సాగి తెగిపోదు. తర్వాత వైరు మీదుగా షీత్ అనే గొట్టం ఎక్కిస్తారు. అది అతుకుల్ని విడదీసుకుంటూ కిందికి పోతుంది. మామూలు ప్లాస్టిక్ షీత్‌లు ఉన్నాయి, అంచు గుండ్రంగా తిరుగుతూ కోసేవి ఉన్నాయి, లేజర్‌వి ఉన్నాయి. లేజర్ అంటే నిప్పులా కాల్చేది కాదు. 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, అంచున పలచటి పొరను మాత్రం కరిగిస్తుంది. షీత్ చివరిదాకా వెళ్లాక దాని అంచుతో గుండె గోడను ఆపిపట్టి వైరును షీత్ లోపలికి లాగుతారు. అప్పుడు గోడ ముడుచుకురాదు. ఇదంతా కుదరకపోయినా, ముక్క తెగినా, తొడ సిరలోంచి ఉచ్చు పంపి పట్టుకుంటారు.

మేం నిజంగా భయపడేది ఎస్‌వీసీ చిరగడానికి. అది చిరిగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందుకే సీటీవీఎస్ సర్జన్, అంటే గుండె ఆపరేషన్లు చేసే సర్జన్, అదే గదిలోనో పక్క గదిలోనో రెడీగా ఉండాలి. ఫోన్ చేస్తే వస్తారు అంటే కుదరదు. హార్ట్ లంగ్ మెషిన్, దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్ట్, క్రాస్ మ్యాచ్ చేసిన రక్తం, గొట్టం మింగించి చేసే ఎకో, ఇవన్నీ మొదలుపెట్టకముందే ఉండాలి. ఎస్‌వీసీకి సరిపోయేలా చేసిన ప్రత్యేక బెలూన్ ఒకటి 2016 నుంచి వాడుకలోకి వచ్చింది. చిరిగితే తొడ నుంచి పంపి ఉబ్బిస్తే రక్తం ఆగుతుంది, సర్జన్ ఛాతీ తెరిచేదాకా టైం దొరుకుతుంది.

కాబట్టి ఆసుపత్రి పేరు కన్నా ముందు ఈ నాలుగు మాటలు అడగండి. పోయిన ఏడాది ఇలాంటివి ఎన్ని చేశారు? సర్జన్ ఎక్కడ ఉంటారు? ఏ షీత్‌లు ఉన్నాయి? తొడ నుంచి తీసే సామాను ఉందా? అడిగితే విసుక్కునే చోట చేయించకండి.

ఉప్పల్_ఐసీడీ
కిరణ్ అన్నా, బాగా చెప్పావు. అవతలి వైపు నుంచి నేను.

నాది పేస్‌మేకర్ కాదు, ఐసీడీ. అంటే ప్రమాదకరమైన గుండె దడ వస్తే షాక్ కొట్టి ఆపే మెషీన్. ఇన్‌ఫెక్షన్ లేదు. వైరు లోపల విరిగింది. విరిగిన వైరు నుంచి వచ్చే తప్పుడు సిగ్నల్స్‌ను మెషీన్ గుండె దడ అనుకుని షాక్ కొట్టింది. మెట్రోలో నిలబడి ఉన్నాను, పూర్తి స్పృహలో ఉన్నాను. ఒకటి కాదు, వరసగా. చుట్టూ ఉన్నవాళ్లు కరెంట్ కొట్టిందనుకుని నన్ను ముట్టుకోవడానికే భయపడ్డారు.

అప్పుడు నా ముందు రెండు దారులు. విరిగిన వైరు వదిలేసి కొత్తది పక్కన వేయడం, లేదా తీసి కొత్తది వేయడం. రాజన్న గారి నాన్నగారికి మొదటిది చేశారు, ఆ వయసుకి అది సరైనదే. నాకు 38. ముందు ఇంకా ఎన్ని బ్యాటరీలు, ఎన్ని వైర్లు ఉన్నాయో! సిర ఒక్కటే, అందులో తీగలు పెరుగుతూ పోతే తర్వాత తీయడం మరీ కష్టం. వదిలేసిన వైరుంటే ఎంఆర్‌ఐ దగ్గర కూడా తిరకాసు పెడతారు. అదీగాక నా సిర అప్పటికే దాదాపు మూసుకుపోయింది. పాత వైరు తీసిన దారిలోనే కొత్తది పంపారు. తీయకపోతే అటువైపు దారే లేదు.

ఐసీడీ వైరుకి షాక్ ఇచ్చే చుట్టలు ఉంటాయి. వాటిలోకి కండ అల్లుకుపోతుందట, ముఖ్యంగా రెండు చుట్టలవి కష్టమట. నాదీ రెండు చుట్టలదే. ఎక్కువసేపు పట్టింది. మెడ దగ్గర, తొడ దగ్గర, భుజం దగ్గర కట్లతో లేచాను. నొప్పి కన్నా గొంతు మంట ఎక్కువ చిరాకు పెట్టింది.

సోమాజిగూడ_ఫిజీషియన్
వైర్లు విరగడంలో కొన్ని మోడళ్లకి చరిత్రే ఉంది. మెడ్‌ట్రానిక్ స్ప్రింట్ ఫిడెలిస్ వైర్లను 2007లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, విరుగుతున్నాయని. సెయింట్ జూడ్ రియాటా మీద 2011లో అలాంటిదే జరిగింది. అందులో లోపలి తీగలు పై తొడుగును కోసుకుని బయటికి వచ్చేవి. అలాగని ఆ వైర్లున్న అందరికీ తీసేయమని చెప్పలేదు. పనిచేస్తుంటే చెక్ చేస్తూ ఉంచమన్నారు. ఇన్‌ఫెక్షన్ అయితే చర్చ లేదు, తీయాలి. పాడైన వైరు అయితే వయసు, ఆరోగ్యం, వైరు పాతదనం చూసుకుని మాట్లాడుకోవాలి. ఈ గీత ఎక్కడుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

అంబర్‌పేట_శీను
సందర్భం కాదేమో. మా నానమ్మ పోయినప్పుడు శ్మశానానికి తీసుకెళ్లేముందు పేస్‌మేకర్ బాక్స్ తీయించాలన్నారు. వైర్లు మాత్రం వదిలేశారు. ఎందుకు?

క్యాత్‌ల్యాబ్_కిరణ్
లిథియం బ్యాటరీ. మంటలో పేలుతుంది. వైర్లలో బ్యాటరీ ఉండదు, కత్తిరించి వదిలేస్తారు.

మోడరేటర్
శీను గారూ, దీని మీద కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ వద్దు. ఆసుపత్రుల పేర్లు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేశాను. మంచి అనుభవమైనా చెడ్డదైనా పేరు లేకుండా రాయండి.

తార్నాక_శ్రీలత
అందరికీ థాంక్స్. కిరణ్ గారి పోస్ట్ అత్తయ్యకి చదివి వినిపించాను. కంచె తీగ దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. ఇప్పుడు ఆవిడ పట్టుదల ఏంటంటే సర్జన్ పక్కన ఉంటేనే చేయించాలి, లేకపోతే వద్దు.

ఇంకో భయం. మామయ్యకి సొంతంగా గుండె కొట్టుకోవడం దాదాపు లేదట, మెషీన్ మీదే నడుస్తోందట. అన్నీ తీసేస్తే మధ్యలో ఏం చేస్తారు? అదే రోజు కొత్తది పెట్టరా?

సోమాజిగూడ_ఫిజీషియన్
అదే రోజు పెట్టరు, పెట్టకూడదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలో ఉంటే కొత్త దానికీ పడుతుంది. తీశాక బ్లడ్ కల్చర్లు మళ్లీ చేసి, కనీసం 72 గంటలు ఏమీ పెరగకపోతే అప్పుడు అవతలి వైపు పెడతారు. కవాటం మీద కూడా ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. పాకెట్ వరకే అయితే తీసిన తర్వాత సుమారు రెండు వారాలు యాంటీబయాటిక్, గుండె లోపలికి పాకితే నాలుగు నుంచి ఆరు వారాలు.

మధ్యలో గుండె నడవడానికి మెడ సిరలోంచి మామూలు స్క్రూ వైరు ఒకటి పంపి, దాన్ని బయట చర్మం మీద అతికించిన బాక్స్‌కి కలుపుతారు. మామూలు టెంపరరీ వైరు కన్నా ఇది గట్టిగా ఉంటుంది. మనిషి లేచి తిరగొచ్చు.

అసలు మళ్లీ పేస్‌మేకర్ అవసరమా అని కూడా అడగాలి. కొందరికి ఆ అవసరమే తీరిపోయి ఉంటుంది. మీ మామగారి విషయంలో అవసరమే అనిపిస్తోంది. ఆయన రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా? ఆ జాబితా ఈపీ డాక్టర్‌కి ముందే ఇవ్వండి, మీరే ఆపేయకండి. బ్యాటరీ మార్చేటప్పుడు పాకెట్‌లో రక్తం గూడు కడితే, ఇన్‌ఫెక్షన్‌కి అదే పెద్ద దారి.

లాలాపేట_పెన్షనర్
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. షీత్‌లు, స్టైలెట్‌లు ఒకసారి వాడి పారేసేవి, దిగుమతి సామాను. ఎస్టిమేట్‌లో "ప్రొసీజర్ ఛార్జీలు" అని ఒకే అంకె వేసి ఇస్తే ఒప్పుకోకండి. సామాను విడిగా, కొత్త పేస్‌మేకర్ విడిగా, ఐసీయూ విడిగా రాయించండి. ప్లాన్ మారి ఎక్కువ షీత్‌లు వాడితే ఎంత పెరుగుతుందో కూడా ముందే అడగండి.

తెల్ల కార్డు ఉన్నవాళ్లు ఆరోగ్యశ్రీ కింద వస్తుందా రాదా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర అడగాలి. పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు కానీ, ఏ ప్రొసీజర్‌కి ఎంత అన్నది ప్యాకేజీని బట్టి ఉంటుంది. నిమ్స్‌లో అయితే ఎమ్మెల్యే లెటర్ పెట్టి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందన్న లెటర్) తెచ్చుకునేవాళ్లు చాలామంది. దానికి ముందు ఆసుపత్రి ఎస్టిమేట్ చేతిలో ఉండాలి. రిటైర్డ్ టీచర్ కాబట్టి మీరు మెడికల్ రీయింబర్స్‌మెంట్ దారి చూసుకోండి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ చికిత్స అవసరమేనని డాక్టర్ సంతకం చేసే కాగితం). డిశ్చార్జ్ రోజున సంతకాలు తీసుకోకపోతే తర్వాత వాటి కోసం తిరగడమే ఒక ఉద్యోగం.

తార్నాక_శ్రీలత
అప్‌డేట్. వేరే చోట చేరాం. సర్జన్ ముందురోజే వచ్చి మామయ్యతో మాట్లాడి వెళ్లారు. గొట్టం మింగించి చేసిన ఎకోలో కవాటాల మీద ఏమీ లేదు. బ్లడ్ కల్చర్‌లోనూ ఏమీ పెరగలేదు, కానీ పాకెట్‌లోంచి తీసిన కండలో స్టాఫైలోకాకస్ పెరిగింది.

రెండు వైర్లూ పూర్తిగా వచ్చాయి. గుండె పై గదిలోది స్టైలెట్‌తోనే వచ్చేసిందట. కింది గదిలోది మొరాయిస్తే తిరిగే షీత్ వాడారు. ఆయనకి మెడలో వైరు, భుజం మీద అతికించిన బాక్స్. వార్డులో నర్సుల చేత పేపర్ తెప్పించుకుని చదువుతున్నారు, అక్షర దోషాలు దిద్దుతున్నారు కూడా.

డాక్టర్ ఇప్పుడు వైర్లే లేని పేస్‌మేకర్ సంగతి ఎత్తారు. దాని గురించి ఎవరికైనా తెలుసా?

బాలానగర్_రాజన్న
సంతోషం అక్కా. మా బాపు వైరు మాత్రం అక్కడే ఉంచుతాను.

క్యాత్‌ల్యాబ్_కిరణ్
ఉంచండి రాజన్నా. చర్మం ఎర్రబడితే మాత్రం ఆలస్యం చేయకండి. లేపనాలు, పసుపు ఏమీ వద్దు, నేరుగా పెట్టిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

శ్రీలత గారూ, వైర్లు లేనిది అంటే మైక్రా లాంటిది. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. బరువు సుమారు రెండు గ్రాములు. తొడ సిరలోంచి పంపి నేరుగా కింది గదిలో బిగిస్తారు. భుజం దగ్గర పాకెట్ ఉండదు కాబట్టి ఇప్పుడు వచ్చిన తిప్పలు మళ్లీ రావు. మొదట వచ్చింది కింది గదిని మాత్రమే నడుపుతుంది. పై గది కదలికను పసిగట్టి దానికి తగ్గట్టు కింది గదిని నడిపే రకం తర్వాత వచ్చింది. పై గదిని నడపాల్సిన అవసరం ఉన్నవాళ్లకి ఈ రెండూ సరిపోవు. మామయ్యగారికి ముందు రెండు వైర్లు ఎందుకు పెట్టారో అడగండి, జవాబు అందులోనే ఉంది. ధర ఎక్కువ. బ్యాటరీ అయిపోతే సాధారణంగా తీయరు, అక్కడే ఉంచి ఇంకోటి పెడతారు.

ఉప్పల్_ఐసీడీ
ఏది పెట్టినా మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉన్న కార్డు ఇప్పించుకోండి. తీసిన వైర్లు పూర్తిగా వచ్చాయని డిశ్చార్జ్ సమ్మరీలో రాయించండి. ఏదైనా ముక్క మిగిలితే అదీ రాయించండి. రేపు ఎక్కడైనా ఎంఆర్‌ఐ తీయాల్సొస్తే మొదట అడిగేది అదే.

తార్నాక_శ్రీలత
రాయిస్తాను. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఫారం ఇవాళే తెచ్చుకున్నాను, పెన్షనర్ గారూ. అందులో పేస్‌మేకర్ కొత్తగా పెట్టినదాని ఖర్చూ తీసినదాని ఖర్చూ ఒకే ఫారంలో రాయాలా, విడివిడిగానా?

లాలాపేట_పెన్షనర్
ఒకే అడ్మిషన్‌లో జరిగితే ఒకే ఫారం. మధ్యలో డిశ్చార్జ్ చేసి మళ్లీ చేర్చుకుంటే రెండు. డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.